చికిత్స ముగిసినా చెకప్ మానవద్దు

రొమ్ము క్యాన్సర్ చికిత్స అయ్యాక “దేవుడు స్వస్థపరిచాడు, ఇక ఆసుపత్రి ఎందుకు?” అని కొందరు మాతో అంటారు. స్వస్థత దేవుని దయ, దానిని కాపాడుకోవడం మన వంతు. మొదటి 3 ఏళ్లు 3–6 నెలలకోసారి, తర్వాత 2 ఏళ్లు 6–12 నెలలకోసారి, ఆపై ఏటా చూపించుకోవాలి.

ఏ డాక్టరుకు? మీకు చికిత్స చేసిన క్యాన్సర్ డాక్టరుకే. సీతమ్మధార నుంచి అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి దూరమైతే, దగ్గరలో ఎవరికి చూపించుకోవాలో ఆయన్నే అడగండి. ఫైలు జిరాక్సు తప్పక తీసుకువెళ్లండి.

టామోక్సిఫెన్ మాత్ర 5 ఏళ్లు, కొందరికి 10 ఏళ్లు వాడాలి. బాగున్నామని సొంతంగా ఆపవద్దు. కొత్త గడ్డ, తగ్గని ఎముక నొప్పి, ఆయాసం, చెయ్యి వాపు, ముట్లు ఆగాక రక్తస్రావం కనబడితే చెకప్ తేదీ వరకు ఆగకుండా వెంటనే రండి.