ఒక్క సమిధ చాలునా?



ప్రవచనము ముగిసిన పిమ్మట మమ్ము కలిసికొనువారిలో పలువురు ఒకే మాట అందురు. "అయ్యా, మీరు యజ్ఞములనియు దానములనియు చెప్పితిరి. అవి కలిగినవారికి తగినవి. నెల జీతముతో ఇల్లు గడుపుకొను మా బోటివారి వలన ఏమగును? మేము చేసిననేమి, చేయకున్ననేమి?" ఈ మాట వినుటకు వినయమువలెనే ఉండును. కాని దీనిలో ఒక ప్రమాదము దాగియున్నది. చేయకున్ననేమి అని పదిమంది అనుకొన్న చోట పదునొకండవవానికి చేయవలెనన్న తలంపే పుట్టదు. ఆ విధముగా ఊరిలో ఒక మంచి పని నిలిచిపోవును. ఎవరు నిలిపిరో ఎవరికిని తెలియదు.

ఈ ప్రశ్నకు తైత్తిరీయ ఆరణ్యకము సమాధానము చెప్పుచున్నది. ఆ గ్రంథమున రెండవ ప్రపాఠకమునకు స్వాధ్యాయ బ్రాహ్మణమని పేరు. అందు పదవ అనువాకమున పంచ మహాయజ్ఞములు విధింపబడినవి. దేవయజ్ఞము, పితృయజ్ఞము, భూతయజ్ఞము, మనుష్యయజ్ఞము, బ్రహ్మయజ్ఞము అని వాటి పేర్లు. పేరు చూడగా మహాయజ్ఞములు. వేలకొలది ఇటుకలతో చితి పేర్చవలెనేమో, పదునారుగురు ఋత్విజులను పిలువవలెనేమో అని మనము భయపడుదుము. శ్రుతి చెప్పిన ద్రవ్యమును చూడుడు. అగ్నిలో ఒక సమిధను వేసినను దేవయజ్ఞమే. పితరులనుద్దేశించి నీరు విడిచినను పితృయజ్ఞమే. ఒక ఋక్కునో ఒక యజుస్సునో ఒక సామమునో చదివినను బ్రహ్మయజ్ఞమే. అక్కడ 'అపి' అను చిన్న శబ్దమున్నది. తెలుగున 'అయినను' అని దాని అర్థము. సమిధ అయినను, నీరు అయినను. రెండక్షరముల ఆ శబ్దముతో వేదమాత పేదవాని ఇంటి తలుపు తెరచినది.

అదే అనువాకమున మరియొక విశేషము కలదు. ఈ యజ్ఞములు ప్రతిదినము ఆరంభమై ప్రతిదినము ముగియునని శ్రుతి చెప్పినది. సోమయాగము జీవితమున ఒకసారి చేసినను ధన్యతయే. దానికి ఏండ్ల తరబడి కూడబెట్టవలెను. ఈ అయిదింటిని మాత్రము నేడు చేసితిమి కదా అని రేపు మానరాదు. అందుకే ద్రవ్యమును అంత స్వల్పముగా విధించిరని మా భావము. పెద్దది నిత్యము చేయుట అసాధ్యము. నిత్యము చేయవలసినది చిన్నదిగానే ఉండవలెను.

మహాభారతమున ఆశ్వమేధిక పర్వమునందలి నకులోపాఖ్యానము మీరందరు వినినదే. ధర్మరాజు అశ్వమేధము ముగిసిన వేళ, దేహమున సగము బంగారమైన ముంగిస వచ్చి, కురుక్షేత్రమున ఒక పేద బ్రాహ్మణుడు ఇచ్చిన ప్రస్థమెడు పేలపిండికి ఈ యజ్ఞము సాటిరాదని పలికినది. కొందరు పౌరాణికులు ఈ కథను ధర్మరాజును తక్కువ చేయుటకు వాడుదురు. అది తగదు. ఆ ముంగిస శాపగ్రస్తుడైన క్రోధుడని చివర భారతమే తెలిపినది. మేము చూపదలచినది వేరొకటి. ఆ ఇంట నలుగురు: భర్త, భార్య, కుమారుడు, కోడలు. పిండిని తలకొక కుడవము చొప్పున పంచుకొనిరి. అతిథి వచ్చెను. భర్త తన పాలు పెట్టెను. అతిథి ఆకలి తీరలేదు. భార్య పెట్టినది, తీరలేదు. కుమారుడు పెట్టెను, అప్పటికిని తీరలేదు. కోడలి పాలుతో తృప్తి కలిగెను. మొదటి ముగ్గురి భాగములు వ్యర్థములా? "నా కుడవముతో ఈయన ఆకలి తీరదు, పెట్టిననేమి?" అని ఆ గృహస్థు అనుకొనియుండిన కథ అక్కడనే నిలిచిపోయెడిది.

ఇట్టి పంపకమును మేము స్వయముగా అనుభవించితిమి. మా బాల్యమున వేదవిద్యార్థులు వారములు చేసికొని చదువుకొనెడివారు. ఈనాటి పిల్లలకు ఆ మాట తెలియదు గనుక వివరింతుము. విద్యార్థి గ్రామమున ఏడు ఇండ్లవారిని అడిగెడివాడు. ఒకరు సోమవారము, ఒకరు మంగళవారము, ఇట్లు వారమున ఒక్కొక్క దినము భోజనము పెట్టుటకు ఒప్పుకొనెడివారు. ఏ ఇంటికిని భారము కాదు. విద్యార్థికి ఏడు దినములును గడచును. ఆరు ఇండ్లే దొరకిన విద్యార్థికి ఆ ఏడవ దినము ఎట్లుండునో అనుభవించినవానికే తెలియును. మాకు మంగళవారపు ఇల్లు ఒక బడిపంతులుగారిది. ఆ ఇంట ఆరుగురు పిల్లలు. ఏడవ విస్తరి మాది. పప్పు ఒకనాడు పలుచన, ఒకనాడు మరింత పలుచన. విస్తరి మాత్రము తప్పలేదు.

గురువుగారు ఒకమారు చెప్పగా మేము రెండుమారులు చెప్పుటకు సంత అని పేరు. పిదప వల్లె వేయుట. తైత్తిరీయ సంహితయందు 7 కాండములు, 44 పన్నములు, 651 అనువాకములు, 2198 పనసలు కలవు. బ్రాహ్మణము 28, ఆరణ్యకము 10 కలుపగా మొత్తము 82 పన్నములు. పుస్తకము ముట్టక ఇది కంఠస్థమగుటకు మాకు ఎనిమిదేండ్లు పట్టినది. ఎనిమిదేండ్లలో మంగళవారములు నాలుగు వందలకు పైబడి ఉండును. పంతులుగారి భార్యకు వేదము రాదు. పనస అనగా ఆమెకు దొడ్డిలోని చెట్టే. కాని మేము చెప్పు పనసలలో ఏడవ వంతు ఆ తల్లి అన్నముతోనే వచ్చినది. వేదపఠన సంప్రదాయమును మానవజాతి వారసత్వముగా యునెస్కో 2003లో ప్రకటించినప్పుడు పండితులకు సన్మానములు జరిగినవి. సంతోషమే. వారము చెప్పిన ఇండ్ల పట్టికను ఎవరును వ్రాయలేదు.

డొక్కా సీతమ్మగారిని ఎరుగని కోనసీమవారుండరు. 1841లో జన్మించి 1909లో పరమపదించిన ఆ ఇల్లాలు, లంకల గన్నవరమున గోదావరి దాటి వచ్చిన బాటసారికి వేళ చూడక, కులము అడుగక అన్నము పెట్టినది. ఒకమారు అంతర్వేది స్వామి దర్శనమునకు బయలుదేరి దారిలో ఆగినప్పుడు, గన్నవరము చేరిన చాలును, సీతమ్మగారింట అన్నము దొరకునని ఆకలిగొన్న పిల్లలను తల్లిదండ్రులు ఓదార్చుట విని, దర్శనము మాని వెనుకకు మరలెనని అక్కడివారు నేటికిని చెప్పుకొందురు. ఆమె స్థాపించిన సంస్థ లేదు, వ్రాసిన గ్రంథము లేదు. తన పొయ్యి ఆరనీయలేదు, అంతే. గన్నవరము వద్ద నదిపై కట్టిన అక్విడక్టుకు ఆమె పేరు నిలిచినది. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకమునకు కూడ ఆ పేరే పెట్టినది.

సీతమ్మగారి వలె అందరును చేయలేరు. ఆ మాట మేమును ఒప్పుకొందుము. కంచి పరమాచార్యులు శ్రీ చంద్రశేఖరేంద్ర సరస్వతీ స్వామివారు అందుకే పిడికెడు బియ్యపు పద్ధతిని బోధించిరి. ఇల్లాలు వంటకు ముందు పిడికెడు బియ్యము వేరుగా ఉంచవలెను. అట్లు చేరిన బియ్యమును వండి స్వామికి నివేదించి ఆకలిగొన్నవారికి పెట్టవలెను. పిడికెడనగా 50 గ్రాములనుకొన్నను, నూరు ఇండ్లు కలిసిన దినమునకు 5 కిలోలగును. ఒక ఇల్లు మానిన తగ్గునది పిడికెడే. కాని ఆ పిడికెడు ఎవరి విస్తరిలో తగ్గునో మానినవారికి కనబడదు.

గృహస్థు వైశ్వదేవము ముగించి, ఆవు పాలు పితుకునంత సేపు ముంగిట నిలిచి అతిథి కొరకు ఎదురుచూడవలెనని పెద్దలు నియమము చేసిరి. ఇది చెప్పినప్పుడు ఒక గృహిణి లేచి, "మా అపార్టుమెంటుకు ముంగిలి లేదు స్వామీ, తలుపు తీసిన లిఫ్టు కనబడును, అతిథి కొరకు ఎక్కడ నిలువవలెను?" అని అడిగినది. సభలో కొందరు నవ్విరి. ప్రశ్న సరియైనదే. మధ్యాహ్న వేళ గ్యాసు బండ మోసికొని వచ్చువాడు, క్రింద కావలియుండు వాచ్‌మాన్, వీరిలో ఎవరినైనను "భోజనమైనదా నాయనా?" అని అడుగుమని చెప్పితిమి. కొన్ని మాసములకు ఆమె మరల కనబడినది. ఆ ప్రశ్నకు "కాలేదమ్మా" అను సమాధానమే ఎక్కువగా వచ్చుచున్నదట. ఇప్పుడు ఎసటిలో గిద్దెడు బియ్యము అదనముగా వేయుచున్నానని చెప్పినది.