కోర్లెన్ని ఉన్నా పని ఒక్కదానిదే!

కొడవలూరు: డిగ్రీ కంప్యూటర్స్ విద్యార్థులకు సమాంతర గణనను బోధించడానికి కొడవలూరు వరిమడి చాలు. దమ్ము పూర్తయ్యేదాకా పది మంది కూలీలు వచ్చినా గట్టుపై కూర్చోవలసిందే. నాట్లు మాత్రమే పంచుకోగలరు. పది గంటల పనిలో ఒక గంట పంచుకోలేనిదైతే, తొమ్మిది ప్రాసెసర్లతో రెండు గంటలకు తగ్గుతుంది. వేయి పెట్టినా గంటకు లోపు రాదు. 1967లో జీన్ ఆమ్‌డాల్ చెప్పిన సూత్రమిదే.

విద్యార్థులు తడబడేది ఇక్కడ కాదు, ఉమ్మడి లెక్క వద్ద. చిట్టాలో 100 బస్తాలున్నాయి. ఇద్దరు గుమస్తాలు ఒకేసారి ఆ అంకె చూశారు. ఒకరు 5 కలిపి 105 అని, వెనువెంటనే మరొకరు 7 కలిపి 107 అని దిద్దారు. ఉండవలసింది 112. అయిదు బస్తాలు గల్లంతు! ఒకరు దిద్దుతుండగా మరొకరు ముట్టకుండా ప్రోగ్రాములో తాళం వేయాలి. ల్యాబులో పదిసార్లు నడిపినా ఈ తప్పు బయటపడకపోవచ్చు. అదే బ్యాంకు ఖాతాలో జరిగితే నష్టపోయేది ఖాతాదారుడు.

వేగం పెంచేకొద్దీ చిప్ వేడెక్కడంతో 2005 నుంచి సాధారణ కంప్యూటర్లలోకీ రెండు కోర్ల ప్రాసెసర్లు వచ్చాయి. మామూలుగా రాసిన ప్రోగ్రాము మాత్రం ఒక్క కోరుపైనే నడుస్తుంది. 1991లో సీడాక్ రూపొందించిన పరమ్ 8000 వంటి సూపర్ కంప్యూటర్ లేదని పాఠం వాయిదా వేయనక్కరలేదు. నాలుగు కోర్ల కంప్యూటరు, ఉచితంగా లభించే జీసీసీ కంపైలరు, అందులోని ఓపెన్‌ఎంపీ చాలు. ఒకే ప్రోగ్రామును ఒక కోరుతో, తర్వాత నాలుగింటితో నడిపి సమయం చూపితే, నాలుగు రెట్ల వేగం ఎందుకు రాలేదన్న ప్రశ్న విద్యార్థుల నుంచే వస్తుంది.