తిరిగే చక్రము – కోణీయ వేగము

స్థలము మారే చలనము ఒకటి, అక్షము చుట్టూ తిరిగే చలనము మరొకటి. పెందుర్తి రైల్వే స్టేషనులో కొంతసేపు నిలబడితే ఈ రెండూ ఒకేచోట కనిపిస్తాయి. హౌరా–చెన్నై ప్రధాన మార్గంలో ప్రయాణికుల బండ్లు, బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చే గూడ్సు బండ్లు మన కళ్ళ ముందే సాగిపోతాయి. పెట్టె ముందుకు పోతుంది. దాని క్రింది చక్రం తిరుగుతుంది. ఈ రెండింటికీ గల సంబంధాన్ని గ్రహించినవారికి భ్రమణ చలనంలోని లెక్కలు కొరుకుడుపడనివి కావు. అయినా సూత్రం కంఠస్థమై ఉండి కూడా ఈ లెక్కలలో మార్కులు పోగొట్టుకొనడం మనమెరిగినదే. లోపమెక్కడున్నదో చూద్దాము.

ఒక సెకనులో వస్తువు తిరిగిన కోణమే దాని కోణీయ వేగము. దీనిని ‘ఒమేగా’ అనే గ్రీకు అక్షరంతో సూచిస్తాము. ఉర్దూలో కోణము ‘జావియా’, వేగము ‘రఫ్తార్’. పేరు ఏ భాషలో ఉన్నా ప్రశ్న ఒక్కటే: సెకనుకు ఎంత కోణం తిరిగినది? ఆ కోణాన్ని రేడియన్లలో కొలవాలి. వ్యాసార్ధమంత పొడవు గల చాపం కేంద్రం వద్ద చేసే కోణం ఒక రేడియన్. అది సుమారు 57.3 డిగ్రీలు. పూర్తి చుట్టు 6.283 రేడియన్లు. ఈ కొలత వాడినప్పుడే ‘వేగము = వ్యాసార్ధము × కోణీయ వేగము’ అనే సూత్రం నిజమవుతుంది.

మొదటి లెక్క: గంటకు 72 కిలోమీటర్ల వేగంతో పోయే బండి పెట్టె చక్రపు వ్యాసం 915 మిల్లీమీటర్లు. కోణీయ వేగమెంత? ముందుగా వేగాన్ని సెకనుకు 20 మీటర్లుగా మార్చాలి. వ్యాసాన్ని సగం చేసి వ్యాసార్ధం 0.4575 మీటర్లని వ్రాయాలి. 20ని 0.4575తో భాగిస్తే సెకనుకు 43.7 రేడియన్లు వస్తుంది. అనగా నిమిషానికి సుమారు 417 చుట్లు. వ్యాసాన్నే వ్యాసార్ధంగా తీసుకొనడం, నిమిషపు చుట్లను రేడియన్లుగా భ్రమించడం — తప్పులు సాధారణంగా ఈ రెండు చోట్లనే దొర్లుతాయి.

రెండవ లెక్క: అదే బండికి బ్రేకులు వేయగా వేగం సమంగా తగ్గి 40 సెకన్లలో ఆగినది. చక్రం ఎన్ని చుట్లు తిరిగినది? 43.7ను 40తో భాగిస్తే కోణీయ త్వరణం సెకను వర్గానికి 1.09 రేడియన్లు, తగ్గుదల కనుక ఋణ గుర్తు వేయాలి. సగటు కోణీయ వేగం 21.86, దానిని 40తో గుణిస్తే 874 రేడియన్లు, అనగా సుమారు 139 చుట్లు. సరిచూచుకొనే మార్గమూ కలదు. బండి సగటున సెకనుకు 10 మీటర్ల వంతున 400 మీటర్లు పోయినది. చక్రపు చుట్టుకొలత 2.875 మీటర్లు. భాగిస్తే మరల 139 వస్తుంది. చక్రం పట్టాపై జారనంతవరకే ఈ రెండు లెక్కలూ ఏకీభవిస్తాయి.

ఇది పరీక్షతో ముగిసే విషయం కాదు. వాడుకలో చక్రం అరుగుతుంది. వ్యాసం 825 మిల్లీమీటర్లకు తగ్గితే, అదే 72 కిలోమీటర్ల వేగానికి అది నిమిషానికి 463 చుట్లు తిరగాలి. చుట్లను లెక్కించి వేగం చూపే సాధనానికి పాత వ్యాసమే చెప్పి ఉంచితే అది దాదాపు 80 అని తప్పు చూపుతుంది. అరిగిన కొలతకు సరిచేసిన సాధనంపై క్రొత్త చక్రం ఎక్కిస్తే ప్రమాదం మరింత ఎక్కువ. బండి వాస్తవ వేగం చూపినదానికంటె అధికంగా ఉంటుంది. వ్యాసార్ధం విషయంలో చేసిన చిన్న పొరపాటు ఎందరి క్షేమాన్ని తాకుతుందో దీనివలన తెలుస్తుంది.

మరొక వింత. చక్రంలోని బిందువులన్నిటికీ కోణీయ వేగం ఒకటే; కాని పట్టాను తాకే బిందువు ఆ క్షణాన నిశ్చలం, పైకొన బిందువు గంటకు 144 కిలోమీటర్ల వేగంతో ముందుకు పోతుంది. మనము నిశ్చలంగా ఉన్నామనుకొనే ఈ పెందుర్తి నేల సైతం భూభ్రమణం వలన సెకనుకు సుమారు 443 మీటర్లు తూర్పుకు పయనిస్తున్నది!

కనుక లెక్క చేతికి రాగానే సూత్రం కొరకు తొందరపడరాదు. పటం గీయాలి, అక్షాన్ని, వ్యాసార్ధాన్ని గుర్తించాలి, ప్రమాణాలు మార్చాలి, చివరకు వేరొక మార్గాన సరిచూడాలి. ఈ నాలుగు మెట్లు ఎక్కిన విద్యార్థికి చక్రం భయపెట్టదు, దారి చూపుతుంది.