ఇంట్లో కంప్యూటర్ ఒక్కటే.. వాడేది నలుగురా? ఎవరి అకౌంట్ వారికి ఉండాల్సిందే!

తాతయ్య పింఛను వివరాలు, నాన్న ఐటీ రిటర్ను, అక్క ఇంజినీరింగ్ కౌన్సెలింగ్, తమ్ముడి గేములు.. అన్నీ హాల్లో ఉన్న ఒకే కంప్యూటర్‌లో సాగిపోయే ఇళ్లు చాలానే ఉన్నాయి. ఆన్ చేయగానే ఏ పాస్‌వర్డూ అడగకుండా డెస్క్‌టాప్ తెరుచుకుంటుంది. ఎవరు కూర్చుంటే వారిదే కంప్యూటర్. అయితే ప్రభుత్వ సేవలు ఒక్కొక్కటిగా ఆన్‌లైన్‌లోకి వచ్చాక ఆ ఒక్క అకౌంట్‌లోనే ఇంటిల్లిపాది గుర్తింపు పత్రాలు, లాగిన్‌లు పోగుపడుతున్నాయి. వీటిని విడదీయడానికి రూపాయి ఖర్చు లేదు. కాసేపు కూర్చుంటే చాలు.

ఒకే అకౌంట్ ఉంటే నష్టమేంటి?

ముందుగా మీ డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిచి చూడండి. ఎప్పుడో దించుకున్న ఈ-ఆధార్, పాన్, ఫారం 16, బ్యాంకు స్టేట్‌మెంట్ కనిపించే అవకాశం ఎక్కువ. ఈ-ఆధార్‌కు పాస్‌వర్డ్ ఉంటుంది కదా అనుకోవద్దు. పేరులోని మొదటి నాలుగు ఇంగ్లిష్ పెద్దక్షరాలు, పుట్టిన సంవత్సరం కలిపితే అదే పాస్‌వర్డ్. మీ గురించి కాస్త తెలిసిన ఎవరైనా దాన్ని ఊహించగలరు.

రెండోది బ్రౌజర్. 'పాస్‌వర్డ్ సేవ్ చేయాలా?' అని అడిగిన ప్రతిసారీ మనం సరే అంటాం. కౌన్సెలింగ్ వెబ్‌సైట్ పాస్‌వర్డ్ అలా సేవ్ అయిపోతే, ఆ తర్వాత కూర్చున్నవారు తెలిసో తెలియకో వెబ్ ఆప్షన్ల వరకూ వెళ్లిపోవచ్చు. గడువు ముగిసేలోపు ఒక్క కాలేజీ కిందామీదా అయినా సీటు మారిపోతుంది.

అసలు ముప్పు మూడోది. గేమ్ కోసమో, సినిమా కోసమో పిల్లలు ఎక్కడి నుంచో ఒక ఫైల్ దించుతారు. అందులో మాల్‌వేర్ ఉంటే, బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లనే ముందు వెతుకుతుంది. ఒకే అకౌంట్ ఉన్నప్పుడు అందరి పాస్‌వర్డ్‌లూ దానికి ఒకేచోట దొరుకుతాయి.

అకౌంట్లు వేరైతే ఏం మారుతుంది?

ఒకే బీరువాలో ఎవరి అర వారికి, ఎవరి తాళం వారికి ఇచ్చినట్టు అనుకోండి. విండోస్‌లో ఒక్కో యూజర్‌కు ఒక్కో ఫోల్డర్ ఉంటుంది. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, బ్రౌజర్‌లో సేవ్ చేసినవి అన్నీ అందులోకే వెళ్తాయి. ఒకరి ఫోల్డర్‌ను మరో మామూలు యూజర్ తెరవలేరు.

అకౌంట్లు రెండు రకాలు. 'అడ్మినిస్ట్రేటర్'కు సర్వాధికారాలు ఉంటాయి. సాఫ్ట్‌వేర్ వేయొచ్చు, సెట్టింగ్‌లు మార్చొచ్చు, అకౌంట్లు తీసేయొచ్చు. 'స్టాండర్డ్ యూజర్' రోజువారీ పనులన్నీ చేసుకోవచ్చు. కానీ కంప్యూటర్ మొత్తానికి వర్తించే మార్పులు చేయాలంటే అడ్మిన్ పాస్‌వర్డ్ కావాలి. ఇంట్లో అందరూ, మీతో సహా, స్టాండర్డ్ అకౌంట్‌లోనే పని చేసుకోవడం మంచిది. అడ్మిన్ అకౌంట్‌ను అవసరమైనప్పుడే తెరవాలి.

ఎలా చేసుకోవాలి?

విండోస్ 11లో సెట్టింగ్స్‌లోకి వెళ్లి అకౌంట్స్, అందులో అదర్ యూజర్స్ తెరవండి. యాడ్ అకౌంట్ నొక్కండి. మైక్రోసాఫ్ట్ ఈమెయిల్ అడుగుతుంది. అది అక్కర్లేదనుకుంటే 'ఐ డోంట్ హ్యావ్ దిస్ పర్సన్స్ సైన్ ఇన్ ఇన్ఫర్మేషన్' ఎంచుకుని, తర్వాతి తెరలో 'యాడ్ ఎ యూజర్ వితౌట్ ఎ మైక్రోసాఫ్ట్ అకౌంట్' నొక్కండి. పేరు, పాస్‌వర్డ్ ఇస్తే సరిపోతుంది. కొత్త అకౌంట్ స్టాండర్డ్‌గానే మొదలవుతుంది.

ఇక్కడ ఒక చిట్కా. ఇన్నాళ్లూ అందరూ వాడిన పాత అకౌంట్ దాదాపుగా అడ్మినిస్ట్రేటరే అయి ఉంటుంది. అందులోని ఫైళ్లన్నీ మరోచోటికి మార్చే శ్రమ అక్కర్లేదు. కొత్తగా ఒక అకౌంట్ తెరిచి, 'చేంజ్ అకౌంట్ టైప్' ద్వారా దాన్ని అడ్మినిస్ట్రేటర్ చేయండి. గట్టి పాస్‌వర్డ్ పెట్టండి. తర్వాత ఆ కొత్త అకౌంట్‌లోకి వెళ్లి, పాతదాన్ని స్టాండర్డ్‌గా మార్చి, దానికీ పాస్‌వర్డ్ పెట్టించండి. పాత అకౌంట్ ఎక్కువగా వాడేవారికే ఉండిపోతుంది. మిగతావారు తమ ఫైళ్లను తీసుకుని, ఆ అకౌంట్ బ్రౌజర్‌లో సేవ్ అయిన తమ పాస్‌వర్డ్‌లను తొలగించుకోవాలి.

మ్యాక్‌లో అయితే సిస్టమ్ సెట్టింగ్స్‌లోని యూజర్స్ అండ్ గ్రూప్స్‌లో ఇదే పని చేయొచ్చు.

క్రోమ్‌లో ప్రొఫైల్ పెట్టుకుంటే చాలదా?

చాలదు. బుక్‌మార్క్‌లు, జీమెయిల్‌లు కలిసిపోకుండా చూడటానికి క్రోమ్ ప్రొఫైళ్లు బాగా పనికొస్తాయి. కానీ అది అరకు తెర కట్టడమే, తాళం వేయడం కాదు. అదే విండోస్ అకౌంట్‌లో ఉన్నవారు ఒక్క క్లిక్‌తో మీ ప్రొఫైల్‌లోకి మారిపోవచ్చు. చుట్టాలో స్నేహితులో కాసేపు నెట్ చూసుకుంటామంటే మాత్రం క్రోమ్ గెస్ట్ మోడ్ మేలు. విండో మూసేయగానే హిస్టరీ, లాగిన్‌లు పోతాయి. డౌన్‌లోడ్ చేసిన ఫైళ్లు మాత్రం కంప్యూటర్‌లోనే ఉంటాయని మరిచిపోవద్దు.

చాలామంది పొరబడేది ఇక్కడే

అకౌంట్లు వేరు చేసినా డి డ్రైవ్‌లో దాచుకున్న ఫైళ్లు సాధారణంగా అందరికీ కనిపిస్తాయి. అక్కడ ప్రత్యేకంగా పర్మిషన్లు మార్చుకుంటే తప్ప ఎవరైనా తెరవొచ్చు. మన దగ్గర ముఖ్యమైనవన్నీ డి డ్రైవ్‌లో పెట్టే అలవాటు ఎక్కువ. ఆధార్, భూమి పత్రాల స్కాన్‌ల వంటివి మీ డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లోకి మార్చుకోండి. పెళ్లి ఫొటోల్లాంటివి అందరూ చూసేలా డి డ్రైవ్‌లోనే ఉంచొచ్చు.

అడ్మిన్ అకౌంట్ ఉన్నవారు తలచుకుంటే మిగతావారి ఫోల్డర్‌లు తెరవగలరు. కాబట్టి ఆ పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉండాలో ఇంట్లో మాట్లాడుకుని నిర్ణయించుకోండి. హార్డ్ డిస్క్‌ను బయటకు తీస్తే, ఎన్‌క్రిప్షన్ లేనప్పుడు అకౌంట్ పాస్‌వర్డ్ దాన్ని కాపాడలేదు. పాత కంప్యూటర్ అమ్మేముందు 'రీసెట్ దిస్ పీసీ'లో 'రిమూవ్ ఎవ్రీథింగ్' ఎంచుకోవాలి.

ఎవరి అకౌంటైనా తీసేస్తే అందులోని ఫైళ్లూ దాంతోపాటే పోతాయి. ముందుగా కాపీ చేసుకోండి.

స్టాండర్డ్ అకౌంట్ ఇచ్చినంత మాత్రాన పిల్లలు చూడకూడని సైట్లు ఆగిపోవు. అందుకు, ఎంతసేపు వాడాలో పరిమితి పెట్టడానికి, పిల్లల పేరిట మైక్రోసాఫ్ట్ అకౌంట్ తెరిచి ఫ్యామిలీ సేఫ్టీలో చేర్చాలి.

మీది ఇంకా విండోస్ 10 అయితే మరో విషయం. దానికి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. భద్రతా అప్‌డేట్లు రాని కంప్యూటర్‌లో ఎన్ని అకౌంట్లు తెరిచినా రక్షణ అంతంతమాత్రమే. విండోస్ 11కు మారే వీలుందేమో చూసుకోండి.

'మన ఇంట్లోవాళ్ల దగ్గర దాపరికమెందుకు?'

పాస్‌వర్డ్ పెట్టగానే ఇంట్లో మొదట వినిపించే మాట ఇదే. ఇది అనుమానంతో చేసే పని కాదు. తమ్ముడు పొరపాటున నొక్కిన ఒక్క లింకు వల్ల తాతయ్య పింఛను ఖాతాకు ముప్పు రాకూడదనే ఈ ఏర్పాటు. పెద్దవాళ్లకు గుర్తుంచుకోవడం కష్టమైతే పొడవాటి పాస్‌వర్డ్‌కు బదులు పిన్ పెట్టండి. ఆ పిన్ ఆ కంప్యూటర్‌లో మాత్రమే పనిచేస్తుంది.

పని మధ్యలో లేవాల్సి వస్తే విండోస్ కీ, ఎల్ కీ కలిపి నొక్కండి. తెరకు తాళం పడుతుంది. పూర్తిగా అయిపోతే సైన్ అవుట్ చేయండి. లేదంటే మీరు తెరిచినవన్నీ వెనకాల నడుస్తూ తర్వాతివారికి కంప్యూటర్ నెమ్మదిస్తుంది. ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఎవరి ఖాతాలోంచైనా డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. అదే రోజు అన్ని పాస్‌వర్డ్‌లనూ వేరే ఫోన్ నుంచో, కంప్యూటర్ నుంచో మార్చేయండి.