బిల్డరు ఇచ్చిన విరాళం: బాధ్యతా, ప్రకటనా, దానమా?



చోడవరం లాంటి ఊళ్లో ఎవరు ఏ మంచి పని తలపెట్టినా చందా పుస్తకం ముందుగా వెళ్లే చోట్లలో బిల్డరు ఆఫీసు ఒకటి. వినాయక చవితి అన్నదానం, సంక్రాంతి కబడ్డీ పోటీలు, వేసవిలో చలివేంద్రం, రక్తదాన శిబిరం, జబ్బుపడిన పిల్లవాడి ఆపరేషను, బడి వార్షికోత్సవం... ఏదైనా సరే, ఇళ్లు కట్టే సంస్థ పేరు ఒక ఫ్లెక్సీ మీద కనిపిస్తుంది. ఊరు పెరిగితేనే ఆ సంస్థకు పని దొరుకుతుంది. దాని ఫ్లాట్లు కొనేదీ, దాని దగ్గర పనిచేసేదీ ఈ చుట్టుపక్కల వాళ్లే. కాబట్టి ఊరి అవసరాలకు అది చేయి కలపడం సహజం, సంతోషించాల్సిన విషయం కూడా.

అయితే ఈ విరాళాల సేకరణలో మన పిల్లలూ భాగమవుతున్నారు. ఒక సాయంత్రం పాప విరాళం కార్డు పట్టుకుని ఇంటికి వచ్చి "నాన్నా, మనం ఎంత రాద్దాం?" అని అడుగుతుంది. కార్డు కింద ఒక కంపెనీ పేరు, గుర్తు ఉంటాయి. ఎంత రాయాలన్నది తర్వాతి మాట. ఆ డబ్బు ఎవరిది, ఎక్కడికి వెళుతుంది, లెక్క ఎవరు చెబుతారు అన్నవి ముందు తెలియాలి.

ఒక సంస్థ సమాజానికి ఇచ్చేది మూడు రకాలు. చట్టం ఇమ్మన్నది ఒకటి, పేరు కోసం ఇచ్చేది ఒకటి, ఇష్టపడి ఇచ్చేది మరొకటి. మూడూ ఊరికి పనికొచ్చేవే. కానీ మూడింటినీ ఒకే గాటన కట్టి దానం అనేస్తే, లెక్క అడగాల్సిన చోట దండం పెడతాం, దండం పెట్టాల్సిన చోట అనుమానపడతాం.

చట్టం ఇమ్మన్నది

2013 నాటి కంపెనీల చట్టంలోని 135వ సెక్షను 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దీన్నే మనం సీఎస్ఆర్, అంటే కార్పొరేట్ సామాజిక బాధ్యత అంటున్నాం. అంతకుముందు ఆర్థిక సంవత్సరంలో ఒక కంపెనీ నికర విలువ 500 కోట్ల రూపాయలు గానీ, టర్నోవర్ 1,000 కోట్లు గానీ, నికర లాభం 5 కోట్లు గానీ దాటితే ఆ కంపెనీ గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక పనులకు ఖర్చు చేయాలి. ఉదాహరణకు ఒక కంపెనీ లాభం మూడేళ్లలో వరుసగా 6, 8, 10 కోట్లు అనుకుందాం. సగటు 8 కోట్లు. అందులో 2 శాతం అంటే 16 లక్షలు.

ఆ డబ్బుతో ఏయే పనులు చేయవచ్చో చట్టంలోని ఏడో షెడ్యూలు చెబుతుంది. చదువు, ఆరోగ్యం, తాగునీరు, పర్యావరణం, గ్రామీణ క్రీడలు, గ్రామాభివృద్ధి, విపత్తు సాయం అందులో ఉన్నాయి. కంపెనీ పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా చట్టం అంటుంది. ఏ కంపెనీ ఎంత ఖర్చు చేసిందో కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖ వెబ్‌సైటులో ఎవరైనా చూడవచ్చు. అంటే ఈ డబ్బు గురించి అడగడం మర్యాద తప్పడం కాదు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఈ సెక్షను కంపెనీలకే. సొంత పేరుతోనో భాగస్వామ్య సంస్థగానో పనులు చేసుకునే కాంట్రాక్టరుకు ఇది వర్తించదు. కంపెనీగా నమోదైనా పై మూడు పరిమితుల్లో ఒక్కటీ దాటని చిన్న సంస్థకూ వర్తించదు. కాబట్టి మన వీధిలో నాలుగంతస్తుల అపార్టుమెంటు కట్టిన బిల్డరు బడికి పది ఫ్యాన్లు ఇస్తే, చాలా సందర్భాల్లో అది ఎవరూ ఇమ్మనకుండా ఇచ్చినది. దానికి కృతజ్ఞత చెప్పాలి.

రాజాం నుంచి ఒక ఉదాహరణ

నిర్మాణ సంస్థ పుట్టిన ఊరికి తిరిగి ఏం చేయగలదో చూడాలంటే మన ఉత్తరాంధ్రలోనే రాజాం ఉంది. గ్రంధి మల్లికార్జునరావు సొంత ఊరు అది. 1978లో జనపనార మిల్లుతో మొదలైన ఆయన వ్యాపారం తర్వాత విద్యుత్తు, రహదారులు, విమానాశ్రయాల నిర్మాణానికి విస్తరించి జీఎంఆర్ గ్రూపు అయింది. హైదరాబాద్ శంషాబాద్ విమానాశ్రయం ఈ గ్రూపు కట్టినదే. భోగాపురం విమానాశ్రయం పనీ దీనిదే.

ఈ గ్రూపు సేవా విభాగం జీఎంఆర్ వరలక్ష్మి ఫౌండేషన్. రాజాంలో 1997లో ఇంజినీరింగ్ కళాశాల వచ్చింది. పాఠశాల, ఆస్పత్రి, గ్రామీణ యువతకు చేతిపనులు నేర్పే శిక్షణ కేంద్రం ఉన్నాయి. 2011లో మల్లికార్జునరావు తన వ్యక్తిగత వాటాకు సమానంగా 1,540 కోట్ల రూపాయలు ఫౌండేషన్‌కు ఇస్తానని ప్రకటించారు. అప్పటికి సీఎస్ఆర్ చట్టం రాలేదు.

రాజాంలో జరిగింది ప్రతి ఊళ్లో జరగాలని ఆశించలేం. అంత పెద్ద సంస్థలు కొన్నే. కానీ అక్కడి నుంచి తీసుకోదగ్గది ఒకటుంది. కళాశాలకూ ఆస్పత్రికీ ఒకసారి చెక్కు ఇచ్చి ఊరుకుంటే సరిపోదు, ఏటా నడిపించాలి. మన ఊళ్లో చిన్న సాయానికీ ఇదే కొలత. నీళ్ల శుద్ధి యంత్రం పెట్టించడం ఒక రోజు పని. మూడో ఏడాది దాని ఫిల్టరు ఎవరు మారుస్తారన్నది అసలు ప్రశ్న.

ఫ్లెక్సీ మీద పేరు

క్రికెట్ పోటీకి కప్పులు, టీషర్టులు ఇచ్చి వాటి మీద తన పేరు వేయించుకునే సంస్థ తప్పు చేయడం లేదు. పోటీ జరిగింది, పిల్లలు ఆడారు, సంస్థకు పేరొచ్చింది. కానీ అది ప్రకటన. 2021లో సవరించిన నిబంధనల ప్రకారం, తన సరుకుకో సేవకో ప్రచారం కోసం ఇచ్చే స్పాన్సర్‌షిప్ సీఎస్ఆర్ కిందకు రాదు. కంపెనీ మామూలు వ్యాపారంలో భాగంగా చేసే పనులూ రావు. కేవలం తన ఉద్యోగులకు మేలు చేసేవీ, రాజకీయ పార్టీలకిచ్చే విరాళాలూ రావు.

అలాగే లేఅవుట్ వేసినవారు నిబంధనల ప్రకారం వదలాల్సిన ఖాళీ స్థలంలో పార్కు పెట్టి "ప్రజలకు అంకితం" అని బోర్డు కడితే, అది విరాళం కాదు. ప్లాటు ధరలో మనం చెల్లించినదే.

కార్మికుల పిల్లలకు రావాల్సింది

నిర్మాణ సంస్థల విషయంలో తరచూ మరచిపోయేది ఒకటుంది. 1996లో వచ్చిన చట్టం నిర్మాణ వ్యయం మీద 1 శాతం సెస్సు పెట్టింది. ఆ డబ్బు భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డుకు వెళుతుంది. తాపీ మేస్త్రీ, రాడ్ బెండర్, సెంట్రింగ్ పనివాళ్లు, ఇటుకలు మోసే ఆడవాళ్లు, వాళ్ల పిల్లలు దీని హక్కుదారులు. యాభై మందికి మించి మహిళలు పనిచేసే చోట ఆరేళ్లలోపు పిల్లలకు శిశు సంరక్షణ గది ఉండాలని ఆ ఏడాది చట్టమే చెప్పింది.

ఎవరైనా బిల్డరు మన పిల్లల వార్షికోత్సవానికి సాయం చేస్తానంటే సంతోషంగా తీసుకుందాం. ఆయన సైట్లో పనిచేసే వాళ్ల పిల్లలు ఏ బడికి వెళుతున్నారని కూడా అడుగుదాం. పనికోసం వేరే జిల్లాల నుంచో ఒడిశా నుంచో వచ్చిన కుటుంబాల పిల్లలు ఏడాది మధ్యలో బడి మారాల్సి వస్తుంది. వాళ్లను దగ్గర్లోని ప్రభుత్వ పాఠశాలలో చేర్పించడానికి ఒక ఆటో ఖర్చు, రెండు జతల బట్టలు, నోటు పుస్తకాలు చాలు. పెద్ద ఫ్లెక్సీ కన్నా అది ఎక్కువ కాలం నిలిచే సాయం.

డబ్బు కన్నా బాగా ఇవ్వగలిగింది

నిర్మాణ సంస్థ దగ్గర డబ్బుతోపాటు ఇంజినీరు, మేస్త్రీ, యంత్రం, మిగిలిన సామాను ఉంటాయి. చాలా బడులకు కావలసింది ఇదే. వానాకాలానికి ముందు పాత గది శ్లాబును ఒక ఇంజినీరు వచ్చి చూసి, ఏ గదిలో పిల్లలను కూర్చోబెట్టకూడదో చెబితే దాని విలువ లక్షల్లో ఉంటుంది. చక్రాల కుర్చీలో వచ్చే పిల్లవాడి కోసం ర్యాంపు కట్టాలంటే అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలి. ఈ లెక్క తెలియక కట్టిన నిటారు ర్యాంపులు ఎన్నో చోట్ల వాడకుండా పడి ఉన్నాయి. ఆడపిల్లల మరుగుదొడ్డికి నీటి లైను, ఆటస్థలంలో ఇంకుడు గుంత, కూలిన ప్రహరీ మరమ్మతు కూడా ఇలాంటివే.

2021లో కరోనా రెండో ఉద్ధృతి సమయంలో హైదరాబాదుకు చెందిన మేఘా ఇంజినీరింగ్ సంస్థ ద్రవ ఆక్సిజన్ మోసే ట్యాంకులను థాయ్‌లాండ్ నుంచి తెప్పించింది. భారీ సరుకు తెప్పించడం అలవాటైన సంస్థ కాబట్టి ఆ పని చేయగలిగింది. ఎవరికి ఏది చేతనవునో అది అడగడమే తెలివైన పద్ధతి.

కట్టిన దాన్ని వాడేవాళ్లే పర్యవేక్షిస్తే పని బాగుంటుంది. 2019 నవంబరు 14న మన రాష్ట్రంలో మొదలైన మనబడి నాడు-నేడులో ప్రభుత్వ బడుల పనులను తల్లిదండ్రుల కమిటీల ద్వారా చేయించారు. ప్రైవేటు బడిలో అయినా, ఊరి గ్రంథాలయంలో అయినా అదే సూత్రం. ఒక సంస్థ పని చేసి పెడతానంటే ఇద్దరు తల్లిదండ్రులు కొలతలు, బిల్లులు చూసేలా ముందే మాట్లాడుకోవాలి.

కార్డు మీద సంతకం పెట్టేముందు

విరాళాల సేకరణ ఏదైనా, కింది ఐదు ప్రశ్నలకు జవాబు ఉండాలి.

1. డబ్బు ఎవరి ఖాతాలోకి వెళుతుంది? ట్రస్టు, సంఘం, బడి లేదా ఆస్పత్రి ఖాతా అయితే మంచిది. ఒక వ్యక్తి ఫోన్ నంబరుకు పంపమంటే ఆగి ఆలోచించాలి. వైద్య సాయమైతే నేరుగా ఆస్పత్రి ఖాతాకే కట్టవచ్చు.

2. ప్రభుత్వ సాయం ప్రయత్నించారా? ఆపరేషను ఖర్చు విషయంలో రాష్ట్ర ఆరోగ్య పథకం, ముఖ్యమంత్రి సహాయ నిధి ముందు చూడాలి. అక్కడ రాని మొత్తానికి చందా ఎత్తితే ఇచ్చేవారికీ తెలుస్తుంది, కుటుంబానికీ అప్పు తగ్గుతుంది.

3. "మీరెంత సేకరిస్తే మేమూ అంత ఇస్తాం" అని కంపెనీ అంటే, దానికి పరిమితి ఎంత? గడువు ఎప్పటిదాకా? ఈ మాట కాగితం మీద ఉండాలి. పిల్లలు సేకరించాక మాట మారితే వాళ్ల మనసు నొచ్చుకుంటుంది.

4. రసీదు ఇస్తారా? విరాళానికి ఆదాయపు పన్ను మినహాయింపు కావాలంటే సంస్థకు ఆ గుర్తింపు ఉండాలి, ధ్రువపత్రం ఇవ్వాలి. నగదు రూపంలో 2,000 రూపాయలు దాటితే మినహాయింపు లేదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవారికి ఈ ప్రయోజనం రాదు.

5. డబ్బు మిగిలితే ఏం చేస్తారు? లెక్క ఎప్పుడు చూపిస్తారు? పని అయిన నెలలోగా వచ్చినది, ఖర్చు, మిగిలినది అని మూడు వరుసలు నోటీసు బోర్డు మీద పెడితే సరిపోతుంది.

మన పిల్లల విషయంలో

పిల్లలు వసూలు ఏజెంట్లు కారు. వాళ్లను కొత్తవాళ్ల ఇళ్లకు, దుకాణాలకు ఒంటరిగా పంపవద్దు. ఎవరు ఎక్కువ తెచ్చారన్న పోటీ పెట్టవద్దు. అందరి ఇళ్లలో పరిస్థితి ఒకేలా ఉండదు. తక్కువ తెచ్చిన పిల్ల తరగతిలో తల దించుకోకూడదు. ఎవరెంత ఇచ్చారన్న జాబితా బోర్డు మీద రాయకుండా మొత్తం ఒక్కటే రాస్తే ఆ ఇబ్బంది రాదు. సాయం అందుకునే పిల్లవాడి ఫొటో, జబ్బు వివరాలు వాట్సాప్ గ్రూపుల్లో తిప్పవద్దు. రేపు అతను ఇదే తరగతికి తిరిగి రావాలి.

వాళ్లకు చేయించదగ్గ పనులు వేరే ఉన్నాయి. ఎనిమిదో తరగతి పిల్లలు పైన చెప్పిన 2 శాతం లెక్క చేయగలరు. తొమ్మిదో తరగతివాళ్లు విరాళాల జమాఖర్చు పట్టిక తయారు చేయగలరు. సాయం చేసిన సంస్థకు తెలుగులో, ఇంగ్లీషులో కృతజ్ఞత లేఖ రాయగలరు. ఆ లేఖలో "మీరిచ్చిన ఫ్యాన్లు నాలుగు గదుల్లో పెట్టాం, రెండు పనిచేయడం లేదు" అని కూడా రాయనివ్వండి. ఇచ్చిన సంస్థకు బహుశా అలాంటి ఉత్తరం ఎప్పుడూ వచ్చి ఉండదు. వచ్చే ఏడాది ఆ సంస్థ మళ్లీ ముందుకు రావాలంటే తన సాయం ఏమైందో దానికి తెలియాలి.

ఈ నెల మీ ఇంటికి ఏదైనా విరాళం కార్డు వస్తే, పాపనో బాబునో పక్కన కూర్చోబెట్టుకుని ఈ ఐదు ప్రశ్నలు కలిసి చదవండి. జవాబులు తృప్తిగా ఉంటే మీకు తోచింది రాయండి. లేకపోతే కార్డు వెనక ప్రశ్న రాసి పంపండి.