మురికి నీళ్లలో చేపకు ఎర ఎలా తెలుస్తుంది?

పిల్లలూ, ఢిల్లీలో యమున నీళ్లు ఎంత మసగ్గా ఉంటాయో! మరి గాలానికి గుచ్చిన వానపాము వాలుగ చేపకు ఎలా కనిపిస్తుంది? అసలు కనిపించనక్కర్లేదు! పక్కింట్లో పోపు వేస్తే మనకు తెలిసిపోయినట్టే, ఎర నుంచి ఊరే రసం నీళ్లలో కలిసి చేపదాకా వెళ్తుంది. వాలుగ నోటి దగ్గర పొడవాటి మీసాలుంటాయి. వాటి మీద కూడా రుచి తెలిపే మొగ్గలుంటాయి. మీసం తగిలితే చాలు, అది తిండో కాదో దానికి తెలుస్తుంది. ఎంత అద్భుతం!

గాలం వేసేవాళ్లు వానపామును మొత్తం గుచ్చేయరు. తోక కాస్త వదిలితే మెలికలు తిరుగుతుంది, ఆ కదలికనూ చేప పసిగడుతుంది. బాగా నానిన ఎర పాలిపోతుంది, రసం ఉండదు. అప్పుడు మార్చాల్సిందే.

విశాఖలో రాళ్ల మీంచి సముద్రంలోకి గాలం వేసేవాళ్లకు ఇంకో చిక్కు. అలల దెబ్బకు మెత్తటి రొయ్య జారిపోతుంది. సన్నటి దారంతో గాలానికి చుట్టి కడితే నిలుస్తుంది.