మెదడులోని ప్రమాద ఘంటిక

విద్యార్థులారా, గ్రామమున నొక పూరింటికి నిప్పంటుకొన్నప్పుడు గంట మ్రోగింతురు. జనులు కడవలతోను గడ్డపారలతోను పరుగెత్తి వత్తురు. మంట చల్లారును, కాని యా తొందరలో ప్రక్కయింటి కప్పు గూడ కూలుట కలదు. పక్షవాతము వచ్చినపుడు మెదడులో నిట్టిదే జరుగును.

మెదడు దేహపు బరువులో నూటికి 2 పాళ్లు మాత్రమే. అయినను దేహము వినియోగించు ప్రాణవాయువులో నించుమించు అయిదవ వంతు దానికే కావలయును. దానిని నిలువచేసికొను కొట్టు మెదడునకు లేదు. కావున రక్తనాళమొకటి గడ్డచే మూసికొనిపోయినచో, ఆ భాగములోని కణములు కొన్ని నిమిషములలోనే చావ నారంభించును.

ఈ యాపదను మొదట కనిపెట్టునవి మైక్రోగ్లియా యను చిన్న కణములు. వీనిని 1919లో స్పెయిను దేశస్థుడగు పియో డెల్ రియో ఓర్తేగా వివరించెను. దేవుడు మెదడునకు నియమించిన కావలివాండ్రివి. ఇవి ఇంటర్లూకిన్-1, టి.ఎన్.ఎఫ్. మొదలగు మాంసకృత్తులను విడుచును. వీనికి సైటోకైనులని పేరు. మేము పైని చెప్పిన గంట యిదియే.

ఆ పిలుపునకు రక్తములోని తెల్లకణములు నాళపు గోడల కంటుకొని, వానిని దాటి లోనికి వచ్చును. గోడలు సడలి, నీరూరి, వాపు కలుగును. కపాలము ఎముకపెట్టె గనుక వాపునకు చోటు లేదు. ఇట్లు బ్రదుకదగిన పొరుగు కణములును నశించును.

అట్లయిన గంటనే యాపరాదా? తెల్లకణములు అంటుకొనకుండ చేయు ఎన్లిమోమాబ్ అను మందును వైద్యులు పరీక్షించిరి. 2001లో ప్రకటింపబడిన ఫలితము విపరీతము: మందు పొందినవారి స్థితియే యెక్కువ చెడెను. అదియుగాక, చచ్చిన కణములను ఊడ్చివేయుటకును, గాయము మానుటకును సైటోకైనులలో కొన్ని యవసరము.

కావున గడ్డను శీఘ్రముగా తొలగించుటయే ముఖ్యము. గడ్డను కరగించు మందును, అది తగినవారికి, సాధారణముగా 4½ గంటలలోపల నీయవలెను. ముఖము వంకరపోయినను, చేయి యెత్తలేకపోయినను, మాట తడబడినను నూనె మర్దనలతో కాలము పుచ్చరాదు. నోట నీరు పోయరాదు. అది ఊపిరితిత్తులలోనికి పోవచ్చును. లక్షణము మొదలైన వేళను గుర్తుంచుకొని, 108కు ఫోను చేసి, మెదడు స్కాను తీయు ఆసుపత్రికి వెంటనే కొనిపోవలెను. ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వ బూనుట తగదు.

నేడే యింటికి పోయి ఈ మూడు గుర్తులను మీ పెద్దలకు చెప్పుడు. ఇచట నేర్చిన పాఠము ఒక ప్రాణమును నిలిపినచో మాకు వేరు బహుమానము వలదు.